బోర్డు మీద లేని మనిషి

కోల్డ్ స్టోరేజీలో ఆమెను అందరూ బెదురమ్మ అనేవారు. చాటుగా కాదు, ఎదురుగానే అనేవారు. ఆమె కూడా ఆ పేరుకే పలికేది. కుక్కర్ కూత వేస్తే చేతిలో గరిటె వదిలేసే రకం. వెనకనుంచి ఎవరైనా భుజం మీద చెయ్యి వేస్తే ప్రాణం గొంతులోకొచ్చేది. బస్సు వంతెన ఎక్కుతుంటే కళ్ళు మూసుకుని ముందు సీటు కమ్మీ పట్టుకునేది. చిన్నప్పుడు తండ్రి పని నుంచి రావడం కాస్త ఆలస్యమైతే చాలు, ఆయన లారీ కింద పడినట్టు, ఇంటినిండా జనం చేరినట్టు, తమ్ముళ్ళను తనే పెంచి పెద్ద చేస్తున్నట్టు మొత్తం ఊహించేసుకుని వెక్కి వెక్కి ఏడ్చేది. ఈలోగా ఆయన వచ్చి చెప్పులు విప్పుతూ, "ఏమ్మా, ఇవాళ కూడా నన్ను చంపేశావా?" అనేవాడు.

పెళ్ళయ్యాక ఆ వంతు భర్తకు వచ్చింది. ఆయన దర్జీ. కొట్టు ఇంటికి రెండు వీధుల అవతలే. అయినా సరే, రావడం కొంచెం అటూ ఇటూ అయితే ఆమె మనసు ఆయన్ని ఆసుపత్రిలో చేర్పించి, అక్కడినుంచి ఇంకా ముందుకు వెళ్ళిపోయేది.

తోడికోడలు దీనికి పూర్తిగా ఎదురు. మరిది లారీ నడిపేవాడు, నెలలో సగం రోజులు రోడ్డు మీదే ఉండేవాడు. ఆ పిల్ల మాత్రం కూతుర్ని బడికి పంపి, అన్నం డబ్బా చంకలో పెట్టుకుని, కూనిరాగం తీస్తూ పనికి బయల్దేరేది. రోడ్డు దాటేటప్పుడు అటూ ఇటూ చూడడం ఆమెకు అలవాటే లేదు. అన్నదమ్ములిద్దరూ ఒకే ఇంటికి మధ్యలో గోడ పెట్టుకుని చెరో వైపు ఉండేవారు. పొద్దున్నే తోడికోడళ్ళిద్దరూ కలిసే ఫ్యాక్టరీ బస్సెక్కేవారు. వంతెన రాగానే చిన్నామె, "అక్కా, దాటేశాంలే, కళ్ళు తెరువు" అని చెప్పేది. సగం సార్లు దాటకముందే చెప్పి నవ్వేది.

వాళ్ళు పనిచేసే చోటు ఊరి చివర, లారీలు తిరిగే పెద్ద రోడ్డు పక్కన ఉంది. పొడవాటి రేకుల భవనం. లోపల వరసగా చాంబర్లు. ఒకదాంట్లో చేపలు, ఒకదాంట్లో బఠాణీలు, ఒకదాంట్లో పండ్ల గుజ్జు. తలుపులు పరుపంత మందం. తెరిస్తే తెల్లటి పొగ నేల మీద పాక్కుంటూ కాళ్ళ దగ్గరికొచ్చేది. లోపలికి వెళ్ళేవాళ్ళు కోటు మీద కోటు వేసుకుని, ముక్కు వరకూ మఫ్లరు చుట్టుకుని, ఎవరు ఎవరో తెలియకుండా ఉండేవారు. చాంబర్లను చల్లబరిచే యంత్రాలు వెనక ఇంకో షెడ్డులో రోజంతా రొద పెడుతుండేవి. వాటి పైపుల్లో తిరిగేది అమ్మోనియా. ఎప్పుడైనా ఒక వాల్వు దగ్గర చిన్నగా కారినా, ముక్కులోకి సూది గుచ్చినట్టుండేది. కళ్ళలోంచి నీళ్ళు కారిపోయేవి.

ఒక ఏడాది అక్కడ ఒక మనిషి చనిపోయాడు. సరుకు చూడ్డానికి చాంబర్లోకి వెళ్ళాడు. బయట డ్యూటీ మారింది, తలుపు మూసేశారు. లోపలినుంచి తలుపు తీసే గుబ్బ మంచుకు బిగుసుకుపోయింది. మర్నాడు తలుపు తెరిచినవాళ్ళు చాలాకాలం ఆ సంగతి మాట్లాడలేదు. బెదురమ్మ అప్పట్లో బఠాణీలు ఏరే బల్ల దగ్గర ఉండేది. ఆ తర్వాత కొన్ని నెలలు ఆమె ఇంట్లో ఫ్రిజ్ తలుపు తియ్యడానిక్కూడా జంకింది. తన చేతులు చల్లబడితే చాలు, లోపల ఆ మనిషి తలుపు మీద ఎన్నిసార్లు కొట్టి ఉంటాడోనన్న ఆలోచన వచ్చి పడేది.

ఆ చావు తర్వాతే యాజమాన్యం కొత్త ఏర్పాటు తెచ్చింది. ప్రతి మనిషి కోటు జేబులో అగ్గిపెట్టెంత బిళ్ళ. అందులోంచి రేడియో సంకేతం వెళ్తుంటుంది. గోడల మీద బిగించిన పెట్టెలు దాన్ని అందుకుంటాయి. గేటు పక్కన ఒక చిన్న గదిలో గోడంత బోర్డు, దాని మీద భవనం నమూనా, అందులో మనిషికో ఆకుపచ్చ చుక్క. మనిషి నడిస్తే చుక్క నడుస్తుంది. మనిషి ఎక్కువసేపు కదలకపోతే చుక్క ఎర్రగా మారుతుంది, అంటే చలికి పడిపోయాడేమో చూడమని. బిళ్ళ నుంచి సంకేతం ఆగిపోతే పసుపుగా మారి కూత పెడుతుంది, అంటే మనిషి ఎక్కడున్నాడో తెలియడం లేదని. గ్యాసు కారితే పసిగట్టే సెన్సర్లు వేరే ఉన్నాయి, వాటికి సైరన్.

కొత్తగా వచ్చిన సేఫ్టీ ఆఫీసరు ఒకరోజు ఉత్తుత్తి సైరన్ వేసి అందర్నీ బయటికి రమ్మన్నాడు. జనం జోకులేసుకుంటూ, డబ్బాలు సర్దుకుంటూ, పెళ్ళికి వెళ్తున్నట్టు నింపాదిగా వచ్చారు. బెదురమ్మ ఒక్కతే చెప్పులు కూడా లేకుండా పరుగెత్తుకొచ్చి గేటు దగ్గర వణుకుతూ నిలబడింది. ఆయన ఆమెను చూసి నవ్వలేదు.

"ఆ బోర్డు ముందు కూర్చోడానికి నాకు భయపడే మనిషే కావాలమ్మా" అన్నాడు.

అలా ఆమె బఠాణీల బల్ల నుంచి బోర్డు గదిలోకి వెళ్ళింది. మరిది అది విని, "వదినా, నీ భయానికి కూడా ఉద్యోగం దొరికింది, మా ధైర్యానికి ఎవడూ పిలవడం లేదు" అన్నాడు.

మొదట్లో ఆ గది ఆమెకు ఎక్కడా దొరకని నెమ్మది ఇచ్చింది. జీవితంలో మొదటిసారి, ఎవరెక్కడున్నారో ఊహించుకోవాల్సిన పని లేదు, కళ్ళ ముందే ఉన్నారు. కొన్నాళ్ళకు నడకను బట్టి చుక్కల్ని గుర్తుపట్టేది. మెకానిక్ చుక్క గోడవారగా, ఆగి ఆగి వెళ్ళేది. తోడికోడలి చుక్క చక్కెర దొరికిన చీమలా అటూ ఇటూ ఉరికేది. అది కనిపించినంతసేపూ బెదురమ్మ గుండె నింపాదిగా కొట్టుకునేది.

ఆ నెమ్మదిని చెడగొట్టింది పసుపు రంగు. చలికి బిళ్ళల్లో బ్యాటరీలు ఊరికే నీరసించేవి. చాంబర్లో ఎవరిదో ఒకరిది చుక్క పసుపుగా మారేది, కూత మొదలయ్యేది. ఆమె ఒంట్లో రక్తం ఒక్కసారిగా కాళ్ళలోకి దిగిపోయేది. లోపలికి ఫోన్ చేసేది. అవతల మఫ్లరులోంచి ఎవరో, "బతికే ఉన్నాం బెదురమ్మా, పని చేసుకోనివ్వు" అని విసుక్కునేవారు. కాసేపటికి ఇంకో కూత. తలుపు దగ్గర చనిపోయిన ఆ మనిషే ప్రతి కూతలోనూ పిలుస్తున్నట్టుండేది. ఇంటికి వెళ్ళినా చెవుల్లో అదే మోగేది. అన్నం సహించేది కాదు. పక్కింట్లో ఎవరి ఫోనో మోగితే లేచి నిలబడేది.

ఆ యంత్రాలు అమర్చిన కంపెనీ నుంచి ఒక టెక్నీషియన్ బ్యాటరీలు మార్చడానికి వచ్చినప్పుడు ఆమె ఉండబట్టలేక అడిగింది.

"ఈ కూత కాస్త తగ్గించలేవా నాయనా? నా గుండె ఆగిపోయేలా ఉంది."

"తగ్గించడమెందుకమ్మా, తీసేస్తే సరి. సిగ్నల్ లేకపోతే కాసేపటికి చుక్క దానంతటదే పోతుంది. మళ్ళీ వస్తే కనిపిస్తుంది. చాలాచోట్ల అలాగే పెట్టుకున్నారు."

"ఏమీ పరవాలేదుగా?"

"ఏం కాదు."

అతను రెండుసార్లు ఏదో నొక్కాడు. అంతే. ఆమె ఆ రాత్రి చాలా రోజుల తర్వాత కలత లేకుండా నిద్రపోయింది. ఆఫీసరుకు చెప్పాలని అనుకుంది. ఆయన ఏదో సమావేశంలో ఉన్నాడు. తర్వాత చెప్పొచ్చులే అనుకుంది. ఆ తర్వాత అది చెప్పాల్సిన విషయంగానే అనిపించడం మానేసింది.

ఇదిలా ఉండగా, ప్యాకింగ్ సూపర్‌వైజరు తన క్యాబిన్లో కూడా ఒక తెర పెట్టించుకున్నాడు. ఆయనకు పసుపుతో పనిలేదు, ఎరుపుతో పని. కదలని చుక్క అంటే పడిపోయిన మనిషి అని కాదు, కూర్చున్న మనిషి అని ఆయన లెక్క. పొద్దుటి నుంచి నిలబడి డబ్బాలు సర్దే ఆడవాళ్ళు గోడకు ఆనుకుని ఇలా ఊపిరి తీసుకుంటే చాలు, మైకులో ఆయన గొంతు వినిపించేది, "నాలుగో చాంబర్ దగ్గర విశ్రాంతి తీసుకుంటున్న మహారాణి ఎవరో తెలుసుకోవచ్చా?" బాత్రూముకు వెళ్ళి ఆలస్యమైనా అదే పాట. ప్రాణం కాపాడ్డానికి వచ్చిన బిళ్ళ మెడకు కట్టిన గంటలా తయారైందని ఆడవాళ్ళు తిట్టుకున్నారు. తిట్టుకుని ఊరుకోలేదు. బిస్కెట్ ప్యాకెట్ లోపలి వెండి రేకును మడిచి సంచిలా చేసి, బిళ్ళను అందులో పెడితే చుక్క పోతుందని ఎవరో కనిపెట్టారు. పసుపు లేదు కాబట్టి కూత కూడా లేదు.

ఒక మధ్యాహ్నం బెదురమ్మ కళ్ళ ముందే తోడికోడలి చుక్క బోర్డు మీద నుంచి మాయమైంది.

ఆమె ఫోన్ కూడా చేయకుండా పరుగెత్తింది. నడవలో ఇద్దరు ముగ్గుర్ని గుద్దుకుంది. నాలుగో చాంబర్ పక్కన అట్టపెట్టెలు దాచే గది ఉంటే దాని తలుపు తోసింది. వెనక వరసలో, చదును చేసిన అట్టల మీద తోడికోడలు కాళ్ళు బార్లా చాపుకుని కూర్చుని మడమ నొక్కుకుంటోంది.

"ఏంటక్కా, నీ బోర్డు నన్ను చంపేసిందా?" అని నవ్వింది.

బెదురమ్మ గోడ పట్టుకుని ఆయాసం తీర్చుకుంది. ఆ పిల్ల కోటు జేబులోంచి రేకు సంచి బయటికి తొంగి చూస్తోంది.

"తియ్యవే అది. నీకు దండం పెడతాను."

"మడమ పగిలిపోతోందక్కా. కూర్చుంటే వాడు ఊరుకోడు. కాసేపు కూర్చుని వెళ్ళిపోతా. అందరూ చేస్తున్నదే, నన్నొక్కదాన్నే పట్టుకున్నావేంటి?"

"ఏదైనా అయితే నువ్వు ఇక్కడున్నావని ఎవరికి తెలుస్తుంది?"

"నీకు తెలుసుగా" అంది ఆ పిల్ల, సాక్సు సర్దుకుంటూ.

బెదురమ్మ ఆ మాట మోసుకుని గదికి తిరిగొచ్చింది. చెబితే తోడికోడలి ఉద్యోగం పోతుంది, మిగతా ఆడవాళ్ళ ముందు తను తలెత్తుకోలేదు. చెప్పకపోతే ఏమీ జరగకపోవచ్చు. ఇన్నాళ్ళూ తను భయపడ్డవాటిలో ఒక్కటైనా జరిగిందా? అందుకని నోరు మూసుకుంది. రోజూ మధ్యాహ్నం ఆ చుక్క పోయినప్పుడు మాత్రం బోర్డు వైపు చూస్తూ చీర కొంగు నలిపేది. మళ్ళీ వెలిగాకే కొంగు వదిలేది.

సైరన్ మోగింది కూడా ఒక మధ్యాహ్నమే.

ముందు బోర్డు మీద గ్యాసు హెచ్చరిక దీపం వెలిగింది. నాలుగో చాంబర్ నడవ. ఇంకెక్కడో ఎవరో అరిచారు. సైరన్ అందుకుంది. ఇది ఉత్తుత్తిది కాదని ఆమెకు వెంటనే తెలిసిపోయింది, ఎందుకంటే తలుపు సందులోంచి ఆ వాసన అప్పుడే వచ్చేసింది. సీలింగు పైపుకు ఉన్న వాల్వు ఊడిపోయిందని తర్వాత తెలిసింది. బోర్డు మీద చుక్కలన్నీ గేటు వైపు ఉరికాయి. ఆమె కాళ్ళు తలుపు వైపు లాగుతున్నాయి, కళ్ళు బోర్డు వదలడం లేదు. చుక్కలు ఒక్కొక్కటే భవనం గీత దాటి బయటికొచ్చాయి. చివరిది, మెకానిక్‌ది, గోడవారగా వచ్చి దాటింది. బోర్డు కింద పెద్ద అక్షరాల్లో వచ్చింది. లోపల, సున్నా.

ఆమె బయటికి పరుగెత్తింది.

జనమంతా గాలి వచ్చే వైపు, లారీలు నిలిపే ఖాళీ స్థలంలో గుంపుగా నిలబడి ఉన్నారు. కొందరు దగ్గుతున్నారు, కొందరు కళ్ళలో నీళ్ళు కొట్టుకుంటున్నారు. భవనం పక్క తలుపులోంచి తెల్లటి పొగ నేలబారుగా బయటికొస్తోంది. ఆఫీసరు చేతిలోని ట్యాబ్ చూసి, "అందరూ వచ్చేశారు. కరెంటు తీసేయండి. ఫైరింజను వచ్చేదాకా ఎవరూ లోపలికి అడుగు పెట్టకండి" అన్నాడు. మెయిన్ వాల్వు బయటినుంచే కట్టేశారని ఎవరో చెప్పారు. జనం నిట్టూర్చారు.

బెదురమ్మ గుంపులో తోడికోడలి కోసం వెతికింది. కోట్లు వేసుకుని అందరూ ఒకేలా ఉన్నారు. ఒక్కొక్కరి మఫ్లరు కిందికి లాగి మొహం చూసింది. బఠాణీల బల్ల దగ్గర పనిచేసే ఆమెను అడిగితే, "ఇందాకే చూశా, ఇక్కడెక్కడో ఉండాలే" అంది. ఇంకొకామె, "గేటు అవతలికి వెళ్ళుంటుంది, పాప బడి నుంచి వచ్చే వేళైంది కదా" అంది. ఫోన్లన్నీ లోపల లాకర్లలో ఉన్నాయి. ఆమె గేటు దాకా వెళ్ళి రోడ్డు అటూ ఇటూ చూసి వచ్చింది. రోడ్డు మీద లారీలు తప్ప ఎవరూ లేరు.

సూపర్‌వైజరు ఆమెను చూసి, "మళ్ళీ మొదలెట్టావా? బోర్డు చెబుతోంది కదా, అందరూ బయటే ఉన్నారని" అన్నాడు.

ఆమె ఆగిపోయింది. తండ్రిని, భర్తను ఇన్నేళ్ళుగా ఎన్నిసార్లు చంపుకుంది. ప్రతిసారీ వాళ్ళు చెప్పులు విప్పుకుంటూ వచ్చారు. ఇది కూడా అలాంటిదేనేమో. ఇప్పుడే ఆ పిల్ల ఏ లారీ వెనకనుంచో వచ్చి, ఏంటక్కా అని నవ్వుతుందేమో. తను నోరు తెరిస్తే ఇద్దరు మనుషులు ఆ పొగలోకి వెళ్ళాలి. ఒకవేళ అక్కడ ఎవరూ లేకపోతే? వెళ్ళినవాళ్ళకు ఏమైనా అయితే? భయం తనకు తెలిసిన చుట్టమే. కానీ ఎప్పుడూ అది గుండెను దడదడలాడిస్తూ వచ్చేది. ఈసారి లోపల ఏ చప్పుడూ లేదు. చేతులూ కాళ్ళూ తనవి కానట్టు చల్లగా, తేలిగ్గా ఉన్నాయి. ఆమెకు అదే మరింత భయం వేసింది.

ఆఫీసరు చెయ్యి పట్టుకుంది.

"సార్, మా తోడికోడలు లోపలుంది."

"బోర్డు సున్నా చూపించింది కదమ్మా."

"బోర్డుకి కనబడదు సార్. బిళ్ళకి రేకు చుట్టుకుంటుంది. కూర్చోడానికి."

ఆయనకు అర్థం కాలేదు. సూపర్‌వైజరు ఏదో అనబోయాడు. ఆడవాళ్ళందరూ నేల చూశారు. అప్పుడు బఠాణీల బల్ల దగ్గరామె తన కోటు జేబులోంచి మడతలు పడ్డ వెండి రేకు సంచి తీసి ఆయన ముందు పట్టుకుంది.

ఆఫీసరు ఆ సంచి చేతిలోకి తీసుకున్నాడు. "మరి పసుపు రావాలి కదా? కూత రావాలి కదా?"

"నేనే తీయించేశాను సార్. ఆ కూత వినలేక."

ఆయన ఆమె వంక ఒక్క క్షణం చూశాడు. తిట్టలేదు. ఆ క్షణాన్ని ఆమె తర్వాత ఎన్నో తిట్లకంటే ఎక్కువగా గుర్తుపెట్టుకుంది.

"ఎక్కడ?"

"నాలుగో చాంబర్ పక్కన అట్టపెట్టెల గది. వెనక వరస, గోడ వైపు."

మెకానిక్ అప్పటికే గాలి సిలిండరు వీపున తగిలించుకుంటున్నాడు. ఆయన రిటైరవడానికి దగ్గర్లో ఉన్న మనిషి, బొజ్జ కూడా ఉంది, పట్టీలు సరిగ్గా పట్టలేదు. ఆఫీసరు రెండో మాస్కు తగిలించుకున్నాడు. ఇద్దరూ నడుముకు ఒకే తాడు కట్టుకుని పక్క తలుపులోంచి లోపలికి వెళ్ళారు. మోకాళ్ళ దాకా పొగలో మునిగారు. తర్వాత నడుము దాకా. తర్వాత కనిపించలేదు.

బెదురమ్మ నేల మీద కూలబడింది. ఎవరో వెనకనుంచి భుజాలు పట్టుకున్నారు. ఆ తలుపు వైపు చూడలేకపోయింది, చూడకుండానూ ఉండలేకపోయింది. పాప బడి నుంచి వచ్చే వేళైంది. తాళం పూలకుండీ కింద ఉంటుంది, తీసుకుని లోపలికి వెళ్తుంది, అమ్మ కోసం చూస్తుంది. అంతవరకే వచ్చి ఆలోచన ఆగిపోయింది. చిన్నప్పటి నుంచి అందరి చావుల్నీ అరచేతిలో బొమ్మలా చూసుకున్న బుర్ర ఆ రోజు ఒక్క బొమ్మ కూడా వేయలేకపోయింది. తెల్లటి పొగ తప్ప ఏమీ లేదు. ఆమె పొగనే చూస్తూ కూర్చుంది. తనకు తెలియకుండానే గులకరాళ్ళు ఏరి ఒళ్ళో పోసుకుంటోంది. పక్కనున్నామె అవి ఒక్కొక్కటే తీసి పారేస్తోంది.

చాలాసేపటికి పొగలో ముందు తాడు కదిలింది. తర్వాత మెకానిక్ వీపు కనిపించింది. ఆయన వెనక్కి నడుస్తున్నాడు. ఇద్దరి చేతుల మధ్య ఒక కోటు, దాంట్లో ఒక మనిషి. తల పక్కకు వాలిపోయి ఉంది. మొహం మీద తడి చున్నీ.

అందరూ కలిసి వెళ్ళి అందుకున్నారు. పైపు పట్టి మొహం మీద, కళ్ళ మీద నీళ్ళు ధారగా పోశారు. ఆ పిల్ల దగ్గింది. గొంతు చీరుకుపోతున్నట్టు, ఆగకుండా దగ్గింది. బెదురమ్మ జీవితంలో విన్న శబ్దాలన్నిటిలో ఆమెను భయపెట్టనిది బహుశా అదొక్కటే.

తర్వాత ఆసుపత్రిలో, ఆక్సిజన్ మాస్కు తీసి మాట్లాడనిచ్చినప్పుడు, తోడికోడలు ముక్కలు ముక్కలుగా చెప్పింది. సైరన్ వినగానే లేచి తలుపు తీసింది. నడవలో తెల్లటి గోడ నిలబడి ఉంది. ఒక్క పీల్పుకే కళ్ళు మంటలెత్తాయి. తలుపు మూసేసింది. అట్టపెట్టెలకు అతికించే వెడల్పాటి టేపు చుట్ట చేతికి తగిలింది. తలుపు సందులన్నీ టేపుతో మూసింది. సీసాలో నీళ్ళు చున్నీ మీద పోసుకుని మొహానికి కట్టుకుంది. రేకు చింపి బిళ్ళ బయటికి తీసింది. అయితే అప్పటికే బయట కరెంటు తీసేశారు, గోడ మీది పెట్టెలు చచ్చిపోయాయి. ఆ సంగతి ఆమెకు తెలియదు. ఎటు పట్టుకుంటే బోర్డుకు కనిపిస్తుందో తెలియక, బిళ్ళను చీకట్లో ఈ గోడకు, ఆ గోడకు ఆనించి పట్టుకుంటూ తిరిగింది. టేపు అంచుల్లోంచి వాసన మెల్లగా లోపలికి వస్తూనే ఉంది. ఆ తర్వాత ఆమెకు గుర్తులేదు.

ఆసుపత్రిలో మరిది, లారీ ఎక్కడో వదిలేసి వచ్చి, మంచం కాళ్ళ దగ్గర నిలబడి ఒక్క మాట కూడా జోకు వేయలేదు.

విచారణ జరిగింది. సూపర్‌వైజరు క్యాబిన్లో తెర తీసేశారు, ఆయన్ని ఇంకో గోడౌనుకు పంపేశారు. ప్యాకింగ్ బల్లల దగ్గర ఎత్తు స్టూళ్ళు వేశారు. పసుపు రంగు, కూత మళ్ళీ వచ్చాయి. ఎవరు పడితే వాళ్ళు వాటిని తీయించకుండా కట్టుదిట్టం చేశారు. బోర్డు గదిలో ఇప్పుడు ఇద్దరు కూర్చుంటారు. బెదురమ్మ అందులో లేదు. ఆఫీసరు ఆమెను పిలిచి, ఉద్యోగం ఉంటుందని, ఆ గది మాత్రం ఉండదని చెప్పాడు. ఆమె తల ఊపింది. మళ్ళీ బఠాణీల బల్ల దగ్గరికి వెళ్ళింది. ఎవరూ ఏమీ అనలేదు, కానీ కొన్నాళ్ళు ఆ పేరుతో పిలవడం మానేశారు. పేరు లేకుండా పనిచేయడం ఆమెకు కష్టంగా అనిపించింది. తర్వాత ఒకరోజు ఎవరో నోరు జారి "బెదురమ్మా" అన్నారు, ఆమె "ఊఁ" అంది, అంతటితో సర్దుకుంది.

తోడికోడలు పనికి తిరిగి రాలేదు. గొంతు బొంగురుపోయింది, మెట్లెక్కితే ఆయాసం. డాక్టరు ఆరేడు నెలలు చల్లటి గాలి, దుమ్ము వద్దన్నాడు. ఇంటికి వచ్చిన కొత్తలో ఒక సెలవు రోజు మధ్యాహ్నం, పాప ఆడుకోవడానికి వెళ్ళినప్పుడు, బెదురమ్మ గోడ ఇవతలి నుంచి అవతలి వాటాకు వెళ్ళింది. చిన్నామె మంచం మీద దిండుకు ఆనుకుని కూర్చుని ఉంది. బెదురమ్మ మంచం కోడు పట్టుకుని చాలాసేపు నిలబడింది.

"కూర్చో అక్కా. ఏంటలా నిలబడ్డావు?"

"నీకొకటి చెప్పాలి. చెబితే మాట్లాడవేమో."

"చెప్పు."

"ఆ పసుపు రంగు ఉంటే నువ్వు లోపలున్నావని కూత వచ్చేది. సైరన్ కంటే ముందే. నేనే తీసెయ్యమన్నాను. భయం వేసి."

తోడికోడలు కిటికీ వైపు చూసింది. వీధిలో ఎవరో సైకిల్ బెల్లు కొట్టుకుంటూ పోయారు. బెదురమ్మకు ఆ కాసేపు బయట పొగ చూస్తూ కూర్చున్న కాసేపు లాగే అనిపించింది.

"ఎప్పుడు తీయించావు?"

"బ్యాటరీలు మార్చినప్పుడు."

"అంటే మేం రేకు మొదలెట్టకముందే."

"ముందే."

"కూత ఉండి ఉంటే మేం రేకు పెట్టుకునేవాళ్ళమే కాదు" అంది చిన్నామె నెమ్మదిగా. అందులో నింద ఉందో, ఉత్త లెక్క ఉందో బెదురమ్మకు తెలియలేదు. చిన్నామెకు దగ్గు వచ్చి ఆగింది. గ్లాసు అందిస్తే రెండు గుక్కలు తాగింది.

"కోపం వస్తోందక్కా. రావడం లేదని అబద్ధం ఎందుకు చెప్పాలి? కొన్నాళ్ళు ఉంటుంది."

"ఉండనీ."

లేచి వెళ్ళిపోవాలా, కూర్చోవాలా తెలియక బెదురమ్మ ఖాళీ గ్లాసు చేతిలో తిప్పుతూ ఉంది. అప్పుడు చిన్నామె, ఇంతకు ముందెప్పుడూ లేనంత చిన్న గొంతుతో అడిగింది.

"లోపల నాకు భయం వెయ్యలేదని అందరికీ చెప్పాను, నువ్వు విన్నావుగా. వేసింది. కడుపులో ఎవరో చెయ్యి పెట్టి పట్టుకున్నట్టు. ఇంటికొచ్చాక కూడా వదల్లేదు. గిన్నె పడితే చాలు, ఉలిక్కిపడుతున్నా. నువ్వు రోజూ ఇలాగే బతుకుతావా?"

బెదురమ్మ ఆలోచించింది. ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న ఎవరూ వేయలేదు.

"రోజూ అంత ఉండదులే" అంది. "కొన్ని రోజులు కొంచెం తక్కువ."

"ఇదంతా ఎలా పడతావు?"

"తెలీదు. పడుతూ ఉంటాను. పని చేసుకుంటూ ఉంటాను."

చిన్నామె దిండు మీదికి వాలి కళ్ళు మూసుకుంది. వంటింట్లోంచి గాలి వీచి గది తలుపు కిర్రుమంటూ సగం మూసుకుంది. ఆమె ఒళ్ళంతా బిగుసుకుపోవడం బెదురమ్మ చూసింది.

"ఆ తలుపు మూసుకోనివ్వకు అక్కా."

బెదురమ్మ లేచి వెళ్ళి తలుపును గోడకు ఆనేదాకా తెరిచింది. మళ్ళీ కదలకుండా దానికి బియ్యం డబ్బా అడ్డం జరిపింది. ఎందుకైనా మంచిదని దాని మీద పాప పుస్తకాల సంచి కూడా పెట్టింది. తర్వాత వచ్చి, తలుపు కనిపించేలా, మంచం అంచున కూర్చుంది.